మా వారికి షుగర్ బార్డర్‌లో ఉంది, రాస్ప్‌బెర్రీలు పెట్టమంటారా?

ప్రశ్న: నమస్తే మేడం. మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మా వారికి 51 ఏళ్ళు. పోయిన నెల మూడు నెలల షుగర్ టెస్టు చేయిస్తే 6.3 వచ్చింది. డాక్టరుగారు మందులేవీ రాయలేదు, బరువు తగ్గమన్నారు, తిండి సరిచేసుకోమన్నారు. సియాటిల్‌లో ఉంటున్న మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా "నాన్నకి రోజూ రాస్ప్‌బెర్రీలు పెట్టమ్మా, షుగర్‌కి చాలా మంచివి" అంటోంది. ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో చూస్తే 125 గ్రాముల డబ్బా 399 రూపాయలు ఉంది. మెహదీపట్నంలో బండి మీద 'రస్‌భరీ' అని చవగ్గా అమ్ముతుంటే రెండుసార్లు తెచ్చాను, అవీ ఇవీ ఒకటేనా? మా అత్తయ్యేమో షుగర్ ఉన్నవాళ్ళు అసలు పండు ముట్టుకోకూడదని గొడవ. మా వారి ఆఫీసులో ఒకాయన రాస్ప్‌బెర్రీ మాత్రలు వేసుకుంటే బరువు తగ్గుతారని ఒక సీసా కూడా ఇచ్చారు. ఇంకా తెరవలేదు. మా అత్తయ్యకి 76 ఏళ్ళు, క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది, ఆవిడ ఈ పళ్ళు తినొచ్చా? ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను, వివరాలు తర్వాత. రాస్ప్‌బెర్రీ నిజంగా మంచి పండు, మీ అమ్మాయి చెప్పిన దాంట్లో తప్పు లేదు. షుగర్ బార్డర్‌లో ఉన్నవాళ్ళు నిశ్చింతగా తినగలిగే పళ్ళలో అది ముందు వరసలోనే ఉంటుంది. కానీ అందులో మీ వారికి పనికొచ్చే గుణాల్లో చాలా భాగం మీ వీధి చివర జామకాయల బండి మీద కూడా ఉంది కాబట్టి రోజూ 399 రూపాయలు పెట్టకండి. మీ అత్తగారి మాట తప్పు, అయితే ఆవిడ భయం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు, దాని గురించి కింద చెప్తాను. ఆ మాత్రల సీసా మాత్రం తెరవకుండానే తిరిగి ఇచ్చేయండి.

ముందు ఆ రస్‌భరీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఈ పొరపాటు మీరొక్కరే కాదు, నన్ను అడిగేవాళ్ళలో చాలామంది పడుతున్నారు. పేరు వినడానికి ఒకేలా ఉంటుంది కాబట్టి పడటం సహజమే. బండి మీద దొరికేది ఎండిన కాగితం లాంటి తొడుగులో గోళీకాయంత ఉండే పసుపు, నారింజ రంగు పండు కదా? తొడుగు విప్పితే నున్నగా మెరుస్తుంది, కొరికితే పుల్లగా తియ్యగా ఉంటుంది, లోపల బోలెడు చిన్న గింజలు. అది టమాటా, వంకాయల కుటుంబం. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల నుంచి వచ్చిన మొక్క. రాస్ప్‌బెర్రీ గులాబీ కుటుంబం. రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. అలాగని రస్‌భరీ చెడ్డదని కాదు, బాగా పండి పసుపు రంగు తిరిగినవి హాయిగా తినండి, ఆకుపచ్చగా ఉన్నవి మాత్రం పారేయండి, పచ్చివి కడుపుకు మంచివి కావు. మీరు రాస్ప్‌బెర్రీ అనుకుని తెచ్చింది రాస్ప్‌బెర్రీ కాదన్నదే నా మాట.

అసలు రాస్ప్‌బెర్రీ ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే దాని గుణమంతా దాని నిర్మాణంలోనే ఉంది. ఒక పండు తీసుకుని దగ్గరగా చూడండి. పైకి ఒకటే పండులా కనిపిస్తుంది గానీ దాదాపు వంద చిన్న చిన్న ఎర్ర పూసలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ప్రతి పూసలో ఒక గింజ, పూసల మధ్య సన్నని నూగు. అడుగున చూస్తే ఖాళీ, చిన్న టోపీలా. కోసేటప్పుడు లోపలి తెల్లటి బుడిపె మొక్కకే ఉండిపోతుంది కాబట్టి ఆ ఖాళీ వస్తుంది. బ్లాక్‌బెర్రీకి ఆ బుడిపె పండుతో పాటే వచ్చేస్తుంది, రెండింటికీ తేడా పట్టుకునే గుర్తు అదే. మా మేనకోడలి కూతురు, ఐదేళ్ళది, మొదటిసారి చూసినప్పుడు పది వేళ్ళకీ పది పళ్ళు తొడుక్కుని ఒక్కో వేలు నోట్లో పెట్టుకుని తిన్నది, ఆ రోజు నుంచీ నాకు ఈ పండంటే ఆ పిల్ల వేళ్ళే గుర్తొస్తాయి. సరే, విషయానికొస్తే, అన్ని గింజలు, అన్ని తొక్కలు అంత చిన్న పండులో ఇమిడి ఉన్నాయి కాబట్టే దానిలో పీచు అంత ఎక్కువ.

పీచు గురించి కాస్త నిదానంగా చెప్పాలి, మీ వారికి కావలసింది అదే కాబట్టి. 100 గ్రాముల రాస్ప్‌బెర్రీల్లో 6.5 గ్రాముల పీచు ఉంటుంది. అదే 100 గ్రాముల లెక్కన తొక్కతో తిన్న యాపిల్‌లో 2.4, అరటిపండులో 2.6, స్ట్రాబెర్రీలో 2, ద్రాక్షలో 1 గ్రాము కూడా నిండదు. ఇక చక్కెర చూస్తే రాస్ప్‌బెర్రీలో 4.4 గ్రాములే, అరటిపండులో 12, ద్రాక్షలో 15 దాటుతుంది. అంటే చక్కెర కన్నా పీచే ఎక్కువ ఉన్న పండు ఇది, అలాంటి పళ్ళు చాలా అరుదు. ఒక కప్పు నిండా, అంటే సుమారు 123 గ్రాములు తింటే వచ్చేది 64 కేలరీలు, 8 గ్రాముల పీచు. అందులో ఒంటికి చక్కెరగా మారే పిండిపదార్థం 7 గ్రాముల లోపే. పక్కన పెట్టి చూసుకోవడానికి చెప్తున్నాను, ఒక కప్పు అన్నంలో అది 45 గ్రాముల దాకా ఉంటుంది. మనిషికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. పాలిష్ బియ్యం అన్నం, మైదా బిస్కెట్లు, మధ్యాహ్నం క్యాంటీన్ భోజనం తినే మన సిటీ మగవాళ్ళు ఆ లెక్కకు చాలా దూరంలో ఉంటారు, వాళ్ళు రోజూ తినేవి రాసుకున్న డైరీలు చూస్తుంటాను కాబట్టి చెప్తున్నాను.

పీచు లోపలికి వెళ్ళి ఏం చేస్తుందంటే, కొంత భాగం నీళ్ళు పీల్చుకుని జిగురులా అవుతుంది, సబ్జా గింజలు నానబెడితే చుట్టూ జిగురు వస్తుంది చూడండి, దాదాపు అలా. ఆ జిగురులో చిక్కుకున్న తిండి మెల్లగా కదులుతుంది, అందులోని చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా దూకకుండా కొంచెం కొంచెంగా చేరుతుంది. ఇన్సులిన్ మీద అంత భారం పడదు. కడుపు నిండినట్టుంటుంది కాబట్టి సాయంత్రం ఆరు కాగానే మిర్చి బజ్జీ బండి వైపు కాళ్ళు లాగవు. మిగతా పీచు, ముఖ్యంగా ఆ గింజలది, అరక్కుండా కిందిదాకా వెళ్ళి విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులకు కూడా ఈ పీచే తిండి.

షికాగోలో 2019లో దీనిమీదే ఒక చిన్న ప్రయోగం చేశారు. మీ వారిలాగే బార్డర్‌లో ఉన్నవాళ్ళకు పిండిపదార్థం బాగా ఉన్న టిఫిన్ పెట్టి, ఒకరోజు దానితో రాస్ప్‌బెర్రీలు లేకుండా, ఒకరోజు 125 గ్రాములు, ఇంకోరోజు 250 గ్రాములు ఇచ్చి చూశారు. పళ్ళు తిన్న రోజుల్లో తిన్నాక షుగర్ అంత పైకి ఎగబాకలేదు, పళ్ళు ఎక్కువ తిన్న రోజు ఇన్సులిన్ అవసరం కూడా తగ్గింది. వినడానికి బాగుంది, నాకూ నచ్చింది. కానీ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. పాల్గొన్నది షుగర్ లేనివాళ్ళతో కలిపినా ముప్పై మంది చిల్లరే, చూసింది ఆ పూట సంగతి. ఏళ్ళ తరబడి తింటే షుగర్ రాకుండా పోతుందని అది చెప్పలేదు. ఇంకోటి, వాళ్ళు వాడినవి గడ్డకట్టించిన పళ్ళే, తాజావి కాదు. ఈ రెండో మాట మీ పర్సుకు పనికొస్తుంది, మళ్ళీ దానికి వస్తాను.

విటమిన్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. విటమిన్ సి 100 గ్రాములకు 26 మిల్లీగ్రాములు, ఫరవాలేదు, కానీ జామకాయలో 200 దాటుతుంది, ఉసిరిలోనూ అంతే, కాబట్టి సి కోసం దిగుమతి పండు కొనడం అనవసరం. మాంగనీస్ అనే ఖనిజం బాగానే ఉంది, ఒక కప్పుతో రోజుకు కావలసిన దాంట్లో మూడో వంతు పైనే వస్తుంది. కొంచెం ఫోలేట్, కొంచెం విటమిన్ కె, కొంచెం పొటాషియం. వీటి కోసం ఎవరూ రాస్ప్‌బెర్రీ తినక్కర్లేదు.

దాని ఎరుపు మాత్రం చెప్పుకోదగ్గది. ఆ రంగునిచ్చే పదార్థాలు ఆంథోసయానిన్లు. ఎండాకాలం చివర్లో నేరేడుపళ్ళు తిని నాలుక ఊదాగా చేసుకుంటాం కదా, ఆ ఊదా కూడా ఈ జాతి రంగే. వీటితో పాటు ఎల్లాజిటానిన్లు అనేవి కూడా రాస్ప్‌బెర్రీలో బాగా ఉంటాయి, దానిమ్మలో ఉన్నట్టే, అక్రోట్లలో ఉన్నట్టే. వీటిని మన పేగుల్లోని సూక్ష్మజీవులు విడగొట్టి యూరోలిథిన్లు అనే వేరే పదార్థాలుగా మారుస్తాయి, రక్తనాళాలకు, కండరాలకు అవి మేలు చేస్తాయేమోనని పరిశోధనలు జరుగుతున్నాయి. అందరి పేగులూ ఒకేలా మార్చలేవు, కొందరిలో ఎక్కువ, కొందరిలో దాదాపు ఏమీ తయారవదు. అందుకే "ఈ పండు తింటే క్యాన్సర్ రాదు, గుండెజబ్బు రాదు" అని వాట్సాప్‌లో వచ్చేవి చదివితే నాకు బాధేస్తుంది. మంచి పండును మందు చేసి చూపిస్తే, మందు వేసుకోవాల్సినవాళ్ళు పండు తిని ఊరుకుంటారు. అలాంటివాళ్ళను చూశాను.

ఇప్పుడు మీ అత్తగారి మాట. మన పెద్దవాళ్ళకు "పండు ముట్టుకోవద్దు" అన్న మాట ఊరికే రాలేదు. వాళ్ళ కళ్ళముందు షుగర్ వచ్చినవాళ్ళు ఎండాకాలం వస్తే కూర్చున్న చోట నాలుగు మామిడిపళ్ళు తిన్నారు, భోజనం అయ్యాక రెండేసి అరటిపళ్ళు తిన్నారు, ఆసుపత్రుల పాలయ్యారు, డాక్టర్లు "పళ్ళు మానేయండి" అని ఒక్క ముక్కలో చెప్పి పంపారు. ఆ ఒక్క ముక్కే ఇళ్ళలో నిలిచిపోయింది. ఆవిడతో వాదించకండి. "పండు మానక్కర్లేదట అత్తయ్యా, ఎంత, ఎప్పుడు అన్నదే చూడాలట" అని చెప్పి చూడండి. కావాలంటే మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పేరు చెప్పండి, 2024లో వాళ్ళిచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీలు తినే మనిషి పళ్ళెంలో 100 గ్రాముల పండు, 400 గ్రాముల కూరగాయలు ఉండాలని ఉంది. ఆవిడ భయపడాల్సింది రసాలకు. అదే పండును మిక్సీలో వేసి వడకడితే పీచంతా జల్లెడలో ఉండిపోతుంది, చక్కెర నీళ్ళే గ్లాసులోకి వస్తాయి. పొద్దున్నే పార్కు బయట అమ్మే జ్యూసుల కోసం మీ వారు ఆగుతుంటే ముందు ఆ అలవాటు మాన్పించండి, రాస్ప్‌బెర్రీ గురించి తర్వాత ఆలోచిద్దాం.

ఇక డబ్బుల సంగతి. ఈ పండు ఇక్కడ ఎందుకింత ఖరీదంటే, మొక్కకు చలికాలం గట్టిగా ఉండాలి, కొన్ని వారాల పాటు గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటేనే మరుసటి ఏడు సరిగ్గా పూత వస్తుంది. మన హైదరాబాద్ చలి దానికి చాలదు. పైగా కోశాక రెండు మూడు రోజులకు మించి నిలవదు, విమానంలో, చల్లటి పెట్టెల్లో రావాలి. మీ అమ్మాయి ఉండే సియాటిల్ సంగతి వేరు, అక్కణ్నుంచి కారులో రెండు గంటలు ఉత్తరానికి వెళ్తే లిండెన్ అనే ఊరు, చుట్టూ మైళ్ళ కొద్దీ రాస్ప్‌బెర్రీ తోటలే. అమెరికాలో గడ్డకట్టించి అమ్మే ఎర్ర రాస్ప్‌బెర్రీల్లో చాలా భాగం ఆ వాషింగ్టన్ రాష్ట్రంలోనే పండుతాయి. జూన్, జులైల్లో ఆ పిల్లకు అది మనకు నేరేడుపండు లాంటిది, అందుకే అంత తేలిగ్గా చెప్పేస్తోంది. తప్పు పట్టకండి, నాన్న మీద ప్రేమతోనే కదా.

మీరు చెప్పిన 125 గ్రాముల డబ్బా లెక్క చూద్దాం. అది మొత్తం తింటే 8 గ్రాముల పీచు, 33 మిల్లీగ్రాముల విటమిన్ సి. 150 గ్రాములుండే ఒక జామకాయ తిన్నా పీచు దాదాపు అంతే వస్తుంది, విటమిన్ సి పది రెట్లు వస్తుంది. ఒక్క చక్కెర విషయంలో రాస్ప్‌బెర్రీదే పైచేయి, డబ్బాకు ఐదున్నర గ్రాములైతే జామకాయకు 13 దాకా ఉంటుంది. అందుకని బాగా మగ్గి మెత్తబడ్డ జామపండు కాకుండా దోరకాయ తీసుకోండి, కొరికితే కరకరమనాలి. గింజలతో సహా నమిలి తినమనండి, ఉప్పూ కారం అద్దుకోకుండా తింటే బీపీకి కూడా మంచిది. అంతేకాకుండా మన దగ్గర ఏడాది పొడవునా ఏదో ఒకటి ఉంటుంది, వానలు మొదలయ్యేసరికి నేరేడు, ఆ తర్వాత దానిమ్మ, చలికాలంలో జామ, ఉసిరి, సంక్రాంతికి రేగుపళ్ళు. భోగిపళ్ళు పిల్లల తల మీద పోసి ఊరుకోకుండా నాలుగు పెద్దవాళ్ళూ తింటే మంచిదే. సీతాఫలం మాత్రం మీ వారికి అరపండు చాలు, అది తీపి పండు.

అయినా రాస్ప్‌బెర్రీ తినాలనిపిస్తే తినండి. ఒక మనిషికి రోజూ జామకాయే అంటే విసుగు రాదూ? బార్డర్‌లో ఉందని తెలిసిన మర్నాటి నుంచీ ఇంట్లో తీపి మాటే లేకుండా పోతుంది, అలాంటి ఇంట్లో వారానికి రెండుసార్లు ఎర్రగా, పుల్లగా, మంచి వాసన వచ్చే పండొకటి గిన్నెలో కనిపిస్తే మనిషికి ఉత్సాహంగా ఉంటుంది. దానికోసం తాజా డబ్బాలు కొనకండి. పోయిన ఏడాది నేను ఒక పెద్ద దుకాణంలో డబ్బా కొన్నాను, పైన పళ్ళు నవనవలాడుతున్నాయి. ఇంటికొచ్చి మూత తీస్తే లోపల చెమ్మ, డబ్బా అడుగున వేసిన మెత్తటి కాగితం రసం పీల్చుకుని ముదురు ఎరుపెక్కింది, ఒక పండు తీసి లోపలి ఖాళీలోకి చూస్తే బూడిదరంగు దూదిలా బూజు. దాన్ని ఆనుకుని ఉన్న నాలుగింటికీ అంటుకుంది. మెత్తటి పళ్ళలో బూజు పైపైన ఆగదు కాబట్టి కడిగి తినే పని లేదు, పారేయాల్సిందే. అంత డబ్బు పోయిందన్న బాధ చాలా రోజులుంది. తప్పదనుకుని కొనాల్సివస్తే దుకాణంలోనే డబ్బా తిరగేసి అడుగు చూడండి, కాగితం తడిసి ఉంటే వద్దు. ఇంటికి తెచ్చాక ముందే కడిగి పెట్టకండి, తడి తగిలితే రాత్రికి రాత్రే మెత్తబడతాయి, తినే ముందు చల్లనీళ్ళలో ఒకసారి ముంచి తీస్తే చాలు.

గడ్డకట్టించిన ప్యాకెట్లే మేలు. బాగా పండాక కోసి, వెంటనే గడ్డకట్టిస్తారు కాబట్టి పీచు ఎక్కడికీ పోదు, రంగు పదార్థాలు చాలావరకు నిలుస్తాయి. కిలో లెక్కన చూస్తే తాజావాటికన్నా బాగా తక్కువ. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి, రాస్ప్‌బెర్రీలు తప్ప ఇంకేమీ రాసి ఉండకూడదు, చక్కెర అని ఉంటే పక్కన పెట్టేయండి. చేత్తో పట్టుకుంటే పళ్ళు విడివిడిగా గలగలమనాలి. ఒకటే ముద్దగా గడ్డకట్టి ఉందంటే దారిలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం. మే నెలలో మన ఎండలకు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఇది మరీ ఎక్కువ, కాబట్టి ఆ నెలంతా మీరే స్వయంగా వెళ్ళి, చల్లసంచీలో వేసుకుని తెచ్చుకోండి. కావలసినంతే బయటకు తీసుకుని మిగతాది వెంటనే ఫ్రీజర్‌లో పెట్టేయండి.

జామ్, క్రష్, సిరప్, రాస్ప్‌బెర్రీ ఐస్‌క్రీమ్, వీటిని పండు లెక్కలో వేయొద్దు. మన ఆహార భద్రత నిబంధనల్లో మామూలు పళ్ళ జామ్‌లో పండు కనీసం 45 శాతం ఉండాలని ఉంటే, స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ జామ్‌కు 25 శాతం ఉన్నా చాలని ఉంది. మిగతాదంతా దాదాపు చక్కెరే. ఎండబెట్టి అమ్మే ఎర్రటి పళ్ళలో కూడా చాలావాటికి చక్కెర పాకం పట్టించి ఉంటుంది, కేకుల మీద, కిళ్ళీల్లో కనిపించే 'చెర్రీలు' చాలాసార్లు వాక్కాయలకు రంగు వేసి పాకంలో నానబెట్టినవే అయినట్టు.

మాత్రల గురించి. ఆ సీసా మీద 'రాస్ప్‌బెర్రీ కీటోన్' అని రాసి ఉంటుంది చూడండి. రాస్ప్‌బెర్రీకి ఆ వాసన ఇచ్చే పదార్థమే అది, కానీ పండులో ఉండేది ఎంతనుకున్నారు, కిలో పళ్ళకు ఒకటి నుంచి నాలుగు మిల్లీగ్రాములు. ఒక్కో మాత్రలో వంద, రెండు వందలు ఉంటాయి. అంత మొత్తం పళ్ళ నుంచి తీయాలంటే బస్తాల కొద్దీ పళ్ళు కావాలి, కాబట్టి దాన్ని ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారుచేస్తారు. 2012లో అమెరికాలో ఒక టీవీ కార్యక్రమంలో కొవ్వు కరిగిస్తుందని చెప్పాక దీని అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. కొవ్వు తగ్గిందన్న ఆధారాలు ఎలుకల మీద, గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవే, అది ఒక్కటే ఇచ్చి మనుషుల బరువు తగ్గిందని చూపించిన గట్టి ఆధారం లేదు. అంత మోతాదు మనిషి ఒంట్లో ఏళ్ళ తరబడి ఏం చేస్తుందో చూసినవాళ్ళు లేరు. పైగా ఇలాంటి బరువు మాత్రల్లో కెఫీన్ లాంటివి కలిపి ఉంటాయి, గుండె దడ, బీపీ పెరగడం ఉంటాయి. 51 ఏళ్ళ మనిషికి, అందులోనూ ఇప్పుడిప్పుడే షుగర్ హెచ్చరిక వచ్చిన మనిషికి, ఆ రిస్కు ఎందుకమ్మా? ఆయన స్నేహంతో ఇచ్చారు, నొప్పించకుండా "డాక్టరుగారు వద్దన్నారు" అని తిరిగి ఇచ్చేయండి.

ఎలా పెట్టాలంటే, రోజుకు ఒక పండు అనుకోండి, జామకాయ తిన్న రోజు జామకాయ, రాస్ప్‌బెర్రీలు తిన్న రోజు ముప్పావు కప్పు రాస్ప్‌బెర్రీలు, రెండూ కాదు. అన్నం తిన్న వెంటనే కాకుండా పొద్దున పదకొండు గంటలప్పుడో సాయంత్రం ఐదింటికో, ఒక గుప్పెడు వేయించిన పల్లీలతో. నేను ఇంట్లో చేసేది చెప్తాను, గట్టి పెరుగు ఒక గిన్నెలో తీసుకుని గడ్డకట్టిన పళ్ళు పైన వేసి పావుగంట వదిలేస్తాను, కరుగుతూ కరుగుతూ పెరుగులోకి గులాబీ చారలు దిగుతాయి, నానబెట్టిన సబ్జా ఒక చెంచా, చిటికెడు మిరియాల పొడి. చక్కెర, తేనె, బెల్లం ఏదీ వద్దు. మొదటి రెండు రోజులు పులుపనిపిస్తుంది, గోంగూర తినే నాలుకలు మనవి, ఈ పులుపు ఎంత! ఒకేసారి పెద్ద కప్పు పెట్టేస్తే పీచు అలవాటు లేని కడుపు ఉబ్బరిస్తుంది, పావు కప్పుతో మొదలుపెట్టండి, నీళ్ళు సరిగ్గా తాగమనండి.

ఇంకో మాట, మీ ఉత్తరంలో పళ్ళ గురించి ఇంత రాశారు గానీ రాత్రి ఎంత అన్నం తింటారు, ఎన్నింటికి తింటారు, నడుస్తున్నారా లేదా అన్నది ఒక్క ముక్క రాయలేదు. 5.7 నుంచి 6.4 దాకా బార్డర్ అంటారు, 6.3 అంటే గట్టుకు చివర ఉన్నారు, కానీ ఇంకా దాటలేదు, ఇక్కణ్నుంచి వెనక్కి వచ్చినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళందరూ చేసింది రాత్రి అన్నం సగం చేసి, ఆ సగం చోట కూర, పప్పు పెట్టుకోవడం, భోజనమయ్యాక ఇరవై నిమిషాలు నడవడం. మీ కాలనీలో కింద నాలుగు చుట్లు తిరిగితే అయిపోతుంది, మీరూ వెళ్ళండి ఆయనతో.

చివరిగా మీ అత్తగారు. క్రియాటినిన్ ఎక్కువుందన్నారు, ఎంతో రాయలేదు. కిడ్నీలు నెమ్మదించినవాళ్ళకు ఏ పండైనా పొటాషియం చూసి పెట్టాలి. 100 గ్రాముల రాస్ప్‌బెర్రీల్లో 150 మిల్లీగ్రాములే ఉంటుంది, అరటిపండులో 350 దాటుతుంది, జామలో 400 దాటుతుంది, కాబట్టి ఆవిడకు జామకాయ కన్నా ఇదే నయం కావచ్చు. కానీ ఆవిడకు గతంలో కిడ్నీలో రాళ్ళు వచ్చి ఉంటే రాస్ప్‌బెర్రీల్లోని ఆక్సలేట్ అనే, రాళ్ళు కట్టడానికి తోడ్పడే పదార్థం గురించి కూడా ఆలోచించాలి. కాబట్టి తాజా రక్తపరీక్ష రిపోర్టు తీసుకెళ్ళి కిడ్నీ డాక్టరుగారిని అడిగాకే పెట్టండి. ఆయన సరేనంటే, గడ్డకట్టిన పళ్ళను ఆవిడకు అలాగే ఇవ్వకండి. విదేశాల్లో గడ్డకట్టిన బెర్రీల వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకున్న సందర్భాలున్నాయి, వాటికి కారణమయ్యే వైరస్ చల్లదనానికి చావదు. గిన్నెలో వేసి ఒక నిమిషం పాటు తెర్లనిచ్చి, చల్లార్చి, రెండు చెంచాలు పెరుగులో కలిపి ఇవ్వండి. ఆ గింజలు కట్టుడుపళ్ళ కింద ఇరుక్కుంటే చాలా నొప్పి, ఆవిడకు పళ్ళ సెట్టు ఉంటే మెత్తగా చిదిమి జల్లెడ పట్టి పెట్టండి.